గాజులు ముందు, చెయ్యి తర్వాత

తొర్రూరులో బస్టాండు దాటి అంగడి వైపు మళ్ళితే, చెప్పుల దుకాణానికీ ఎరువుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఒక గాజుల దుకాణం ఉంటుంది. అది జలీల్‌దని బోర్డు చెప్తుంది. ఆ బోర్డు మాట ఊళ్ళో ఎవరూ నమ్మరు. అది సుగ్రా బేగం దుకాణం. జలీల్ ఆమె భర్త. వరంగల్ పోయి సరుకు తెస్తాడు, కర్రలకు గాజులు ఎక్కిస్తాడు, బయట నిలబడ్డ మొగుళ్ళతో ఎండల గురించీ ఎన్నికల గురించీ మాట్లాడి వాళ్ళకు విసుగు పుట్టకుండా చూస్తాడు. లోపల ఆడవాళ్ళ చెయ్యి పట్టుకునేది మాత్రం సుగ్రా.

గాజు తొడగడం చూసేవాళ్ళకు సులువు. ముందు బొటనవేలిని అరచేతిలోకి మడవాలి. కణుపుల దగ్గర ఎముకలు ఒకదానికొకటి దారి ఇచ్చేదాకా మెత్తగా నొక్కాలి. బిగువుగా ఉంటే సబ్బునీళ్ళు రాయాలి. ఆ మనిషి వేరే మాటలో పడ్డ క్షణం చూసి గాజును ఎక్కించాలి. అందుకని సుగ్రా తొడుగుతున్నంతసేపూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. బర్రె ఈనిందా, చిన్నోడికి జ్వరం తగ్గిందా, పత్తి ఏరుడు అయిందా. జవాబు సగంలో ఉండగానే గాజు మణికట్టు మీద ఉంటుంది.

ఏళ్ళ తరబడి తల వంచుకుని చేసే పని కావడంతో ఆమెకు ముఖాలు సరిగా గుర్తుండవు. బజారులో ఎవరైనా ఎదురుపడి ఆప్యాయంగా పలకరిస్తే తెల్లమొహం వేస్తుంది. అదే మనిషి దుకాణంలోకి వచ్చి చెయ్యి అందిస్తే చాలు, వాళ్ళ ఇంటిపేరు, ఇద్దరు కోడళ్ళ గొడవ, ఎప్పుడో చేట పుల్ల వేలికి గుచ్చుకున్న కథతో సహా అన్నీ గడగడా వచ్చేస్తాయి.

లింగాల ఘనపూర్‌లో పుట్టి, పెళ్ళై తొర్రూరు వచ్చి, యాభై దాటేవరకూ సుగ్రా రంగు అనే మాట గాజుల గురించి తప్ప ఇంకో దాని గురించి అనలేదు. బొమ్మల పిచ్చి కరోనా కాలంలో పట్టుకుంది. దుకాణం మూత పడింది. చెయ్యి అందించేవాళ్ళు లేక ఆమె చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. కూతురు నజియా మానుకోటలో టీచరు ట్రైనింగు చదివినప్పుడు కొన్న రంగుల పెట్టె అటక మీద ఉంది. నజియా పెళ్ళి చేసుకుని భూపాలపల్లి పోయింది గానీ పెట్టెను పోనివ్వలేదు, పారేస్తే ఊరుకోనని చెప్పి మరీ పోయింది. సుగ్రా దాన్ని దింపి తుడిచింది. తుడిచినప్పుడు ఒక ముక్క విరిగి వేళ్ళకు రంగు అంటింది. ఆ అంటిన రంగును ఊరికే పోగొట్టడం ఎందుకని పక్కనున్న ఖాళీ గాజుల పెట్టె అట్ట మీద రాసింది. అంతే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం వండలేదు. జలీల్ అటుకులు తిన్నాడు.

ఆమె పద్ధతి బొమ్మలు నేర్చుకున్నవాళ్ళెవరూ ఒప్పుకోరు. ఎవరైనా ముందు చెయ్యి గీస్తారు, తర్వాత దానికి గాజులు వేస్తారు. సుగ్రా ముందు గాజులు వేస్తుంది. ఖాళీ అట్ట మీద, ఎవరికీ చెందని గాజులు, ఒకదాని పక్కన ఒకటి. అవి యాక్రిలిక్‌తో. కప్పులో చాయ్ చల్లారేలోపు ఆ రంగు ఆరిపోతుంది. ఆరాక నీళ్ళు పోసినా కదలదు, కొత్త గాజులా మెరుస్తుంది. అది ఆరిన తర్వాత ఆ గాజుల మధ్యలోంచి చెయ్యి మెల్లగా బయటికి వస్తుంది. చెయ్యికి పాస్టెల్. అది సుద్దముక్కలాంటిది. అట్ట మీద గీసి వేలితో రుద్దితే చర్మం అవుతుంది, గట్టిగా ఊదితే పొడి అయి లేస్తుంది, తడి తగిలితే బురద అవుతుంది. ముందు చెయ్యి వెయ్యాలి అమ్మీ, అని నజియా ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా, గాజు కొలత తెలియకుండా చెయ్యి ఎట్లా వస్తుందని సుగ్రా ఎదురు ప్రశ్న వేసేది.

ముఖాలు ఎందుకు వెయ్యవని జలీల్ ఒకసారి అడిగాడు. ప్రాణం పొయ్యలేనిదానివి ముఖం గియ్యకు అని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిందట. ఆ మాట సుగ్రా దాటలేదు. చేతుల సంగతి అమ్మ ఏమీ చెప్పలేదు గదా అని నవ్వింది. అయినా ముఖాలు గుర్తుండని మనిషికి అదొక నష్టం కానే కాదు.

మధ్యాహ్నం నమాజు తర్వాత బేరాలు పల్చబడతాయి. అప్పుడు ఎండ గడప దాటి లోపలికి వచ్చి కర్రలకు వేలాడే గాజుల మీద పడుతుంది. ఎదుటి గోడ మీద ఎర్రటి, పచ్చటి, తేనెరంగు మరకలు లేస్తాయి. ఎవరైనా కర్రను తగిలితే అవన్నీ కలిసి గోడంతా ఊగుతాయి. సుగ్రా గోడకు ఆనుకుని కళ్ళు సగం మూసుకుంటుంది. ఆ రంగుల్లోంచి చేతులు వస్తాయి. మిరప కోతలకు పోయి మండి వచ్చిన చేతులు, బీడీలు చుట్టీ చుట్టీ చూపుడువేలు చదునైన చేతులు, గోరింట సగం పోయిన కొత్తపెళ్ళికూతురు చేతులు. అవి ఆమె ముందు తేలుతూ, తిరుగుతూ, అరచెయ్యి చూపి మళ్ళీ బోర్లపడతాయి. నిద్ర అంటే నిద్ర కాదు, మెలకువ అంటే మెలకువ కాదు. అందులో ఏ చెయ్యి ఎక్కువసేపు నిలిస్తే ఆ చెయ్యి మర్నాడు అట్ట మీదికి వస్తుంది. ఆ కాసేపట్లో ఎవరైనా వచ్చి హెయిర్ పిన్నులున్నాయా అని అడిగితే సుగ్రాకు పట్టరాని కోపం వస్తుంది. పిన్నులుంటాయి, లేవని చెప్పి పంపేస్తుంది.

ఆ చేతులన్నిటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది కొమురమ్మ చెయ్యి.

కొమురమ్మది తొర్రూరు పక్క పల్లె. సుగ్రా కొత్త కోడలుగా దుకాణంలో కూర్చున్న మొదటి రోజుల్లో ఆమె చేతికి గాజు ఎక్కిస్తూ రెండు పగలగొట్టింది. రక్తం వచ్చింది. సుగ్రా ఏడ్చేసింది. చెయ్యి తెగినదాన్ని నేను, నువ్వెందుకు ఏడుస్తవే అని కొమురమ్మ నవ్వింది. ఆ నవ్వుతో మొదలైన స్నేహం. అప్పటినుంచి అంగడికి వచ్చినప్పుడల్లా, పండగకూ పబ్బానికీ, పొలం పనిలో ఒక గాజు చిట్లినా సరే, కొమురమ్మ వచ్చి సుగ్రా ముందు చెయ్యి పెట్టేది. ఎప్పుడూ ఆకుపచ్చవే. కొడవలి తగిలి వంకరపోయిన చిటికెనవేలు, నాటు వేసి వేసి గట్టిపడ్డ అరచెయ్యి, లోపల మాత్రం మెత్తటి ఎముక. ఆ చేతికి సబ్బునీళ్ళు అక్కర్లేదు. పట్టుకోగానే దానంతట అదే ముడుచుకునేది.

కిందటేడు ఎండాకాలానికి ముందు కొమురమ్మ భర్త సాయిలు పోయాడు. చేను నుంచి వచ్చి, మంచినీళ్ళు తాగి, మంచం మీద ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు. దినాల నాడు ఆనవాయితీ ప్రకారం పుట్టింటివాళ్ళు చీర, పసుపు, కుంకుమ, గాజులు తెచ్చారు. అవన్నీ ఆఖరుసారి పెట్టి తీసేస్తారు. గాజులు తొడగడానికి సుగ్రాను పిలిచారు. పోకపోతే బాగుండదు, పోతే ఎట్లా ఉంటుందో తెలియదు. పోయింది. కొమురమ్మ చెయ్యి ఆ రోజు ముడుచుకోలేదు. చల్లగా, బరువుగా, ఎవరిదో వస్తువులా సుగ్రా ఒళ్ళో పడి ఉంది. మొదటిసారి ఆ చేతికి సబ్బునీళ్ళు కావలసి వచ్చాయి. సుగ్రా ఏ ప్రశ్నా అడగలేకపోయింది. ఆకుపచ్చ గాజులు నిండా తొడిగి, తర్వాత జరిగేది చూడకుండా, వినకుండా, ఆటో ఎక్కి వచ్చేసింది.

ఆ తర్వాత కొమురమ్మ దుకాణానికి రాలేదు. కోపం ఏమీ లేదు. గాజులు వేసుకోని మనిషికి గాజుల దుకాణంలో ఏం పని? అంగడి రోజున ఎదురుగా రోడ్డు మీద కూరగాయల సంచితో పోయేది. ఒక్కోసారి ఇటు చూసేది, తల ఊపేది. రా అక్కా కూసో, అని పిలవాలని సుగ్రాకు నోటిదాకా వచ్చేది. లోపల పండగ గాజుల కోసం వచ్చిన ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు ఏమనుకుంటారో, కొమురమ్మకు ఎట్లా ఉంటుందో అని ఆగిపోయేది. ఆగి ఆగి పిలవడమే మానేసింది. దూరం నుంచి ఆమెకు కొమురమ్మ ముఖం కూడా సరిగా ఆనేది కాదు. పట్టుకోకుండా ఆ మనిషిని ఎట్లా గుర్తుపెట్టుకోవాలో తెలియక సుగ్రాకు నిజంగానే భయం వేసింది. స్నేహితురాలు బతికుండగానే తన నుంచి పోతోందని బాధ పడింది.

అందుకే గీసింది. ఒక మధ్యాహ్నం గోడ మీద రంగుల్లోంచి ఆ చెయ్యి వచ్చి ఎంతకీ పోలేదు. మర్నాడు పెద్ద పెట్టె అట్ట తీసుకుంది. అలవాటు ప్రకారం ముందు గాజులు వేసింది. ఏ రంగని ఆలోచించలేదు, కుంచె దానంతట అదే ఆకుపచ్చలోకి పోయింది. అవి ఆరాక పాస్టెల్ పట్టుకుంది. గట్టిపడ్డ అరచేతికి ఇటుకరంగు మీద కొంచెం ఊదా, చిటికెనవేలి వంకరకు బొగ్గు నలుపు, కణుపుల మీద వెలుగుకు పసుపు. వేలితో రుద్దుతుంటే నిజం చెయ్యిని నిమిరినట్టే ఉంది. పూర్తయ్యాక దూరం జరిగి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ చేతికి ఇప్పుడు గాజులు లేవని.

గాజులు చెరిపేద్దామంటే అది యాక్రిలిక్. ముందు చెయ్యి వెయ్యమని నజియా చెప్పింది ఇందుకేనేమో. పారెయ్యడానికి మనసు రాలేదు. గోడ వైపు తిప్పి, పాత అట్టల వెనక పెట్టేసింది.

ఇక్కడ జలీల్ మంచితనం అడ్డం వచ్చింది. శ్రావణమాసం రద్దీ కోసం దుకాణం సర్దుతూ ఆ బొమ్మ చూశాడు. అతను దక్కనీలో అన్న మాటను తెలుగులో చెప్పాలంటే, ఇంత మంచిదాన్ని గోడకు ముఖం పెట్టి శిక్షిస్తావా, అన్నమాట. అన్నది కూడా తనలో తనే, ఎందుకంటే సుగ్రా అప్పుడు ఇంట్లో ఉంది. మేకు కొట్టి, అద్దం పైన, వచ్చినవాళ్ళందరికీ కనిపించేట్టు వేలాడదీశాడు. సుగ్రా వచ్చేసరికి దుకాణం నిండా ఆడవాళ్ళు. తల వంచి పనిలో పడింది. తల ఎత్తితే గదా చూసేది.

ఆ రద్దీలోనే అఖిల వచ్చింది. కొమురమ్మ కూతురు. నర్మెట్టకు ఇచ్చారు. ఇప్పుడు ఏడో నెల, శ్రీమంతానికి గాజులు వేసుకోవాలి. చెయ్యి అందించగానే సుగ్రా పోల్చుకుంది.

"అఖిలా! బిడ్డా, మంచిగున్నవా? అమ్మేదీ?"

"బయట కూసుంది చిన్నమ్మా. లోపటికి రమ్మంటె రాదు. శుభమా అని గాజులేపిచ్చుకుంటుంటే నేనెందుకు అంటది."

సుగ్రా తల ఎత్తి బయటికి చూసింది. చెప్పుల దుకాణం మెట్టు మీద, ఇటు వీపు పెట్టి కూర్చున్న ఒక లేతరంగు చీర. అంతే కనిపించింది. మళ్ళీ తల వంచి అఖిల బొటనవేలిని మడిచింది. నాలుగో గాజు ఎక్కిస్తుండగా అఖిల చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది.

"చిన్నమ్మా, అదేంది?"

సుగ్రా ఆమె చూపు వెంట అద్దం పైకి చూసింది.

"అది మా అమ్మ చెయ్యి గాదు? గా చిటికెనేలు మా అమ్మదే గద?" అఖిల లేచి నిలబడింది. "మా అమ్మ చేతికి గాజులు గీసినవా? మా నాయిన పోయి ఏడాది దాటె, నీకెరుక లేదా? నువ్వే గద ఏసినవ్ ఆఖరుకు! నలుగురు జూస్తె ఏమనుకుంటరు మా అమ్మని?"

అప్పటిదాకా ఆ బొమ్మను చూసి ఎంత బాగుందో అనుకున్నవాళ్ళే ఇప్పుడు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. జలీల్ బొమ్మ వైపూ భార్య వైపూ చూసి, తను చేసిన ఘనకార్యం అర్థమై, పొద్దుటినుంచి పక్కనే ఉండిపోయిన సుత్తిని మెల్లగా జేబులో పెట్టుకోబోయాడు. అది పట్టలేదు.

కేక విని కొమురమ్మ లోపలికి వచ్చింది. ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె అద్దం ముందు నిలబడి చాలాసేపు పైకి చూసింది.

"దించు జలీలన్నా," అంది.

జలీల్ దించి బల్ల మీద పెట్టాడు.

"తుడిచెయ్యమను అమ్మా," అఖిల అంది. "గాజులు తుడిచెయ్యమను."

తుడవమని కొమురమ్మ ఎవరికీ చెప్పలేదు. బల్ల మీద గిన్నెలో ఉన్న సబ్బునీళ్ళలో కొంగు ముంచి తనే గాజుల మీద రుద్దింది. సుగ్రాకు ఆపాలనిపించింది. ఆపే హక్కు తనకు లేదనిపించింది. కొంగు కింద మణికట్టు మొదట పోయింది. తర్వాత కణుపుల మీది పసుపు. గట్టిగా రుద్దేకొద్దీ వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, వంకర చిటికెనవేలు కూడా బురదగా మారింది. కొంగంతా ఇటుకరంగు అయింది. గాజులు ఒక్కటీ కదల్లేదు. పొడి అంతా పోయేసరికి మునుపటికంటే పచ్చగా మెరుస్తున్నాయి.

కొమురమ్మ చెయ్యి ఆపేసింది.

"పోతలెవ్వేందే సుగ్రా గివి?"

"అవ్వి పోవక్కా," సుగ్రా అంది. "అది ఆరిందంటే ఇగ పోదు. చెయ్యే పోతది."

అఖిల వెనక్కి కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది, కోపంతోనో ఇంకెందుకో ఆమెకే తెలియదు. కొమురమ్మ తడిసిన కొంగు వైపు చూసుకుంది. బొమ్మలో చెయ్యి ఉండాల్సిన చోట మరకను చూసింది. ఆ మరక చుట్టూ, ఎవరూ లేకపోయినా, వరుసగా నిలబడ్డ గాజులను చూసింది. తర్వాత బేరానికి వచ్చినవాళ్ళు కూర్చునే పీట మీద కూర్చుని, సుగ్రా ముందున్న చిన్న దిండు మీద తన చెయ్యి పెట్టింది.

"మల్ల గియ్యి," అంది.

"అమ్మా!" అఖిల అంది.

"ఊకో బిడ్డా. అవ్వి పోవంటున్నది గద, నన్నేం జెయ్యమంటవ్? చెయ్యి లేకుంట గట్ల ఒదిలిపెడితె మంచిగుంటదా?" సుగ్రా వైపు తిరిగింది. "నేనిప్పుడు ఎట్లున్ననో గట్ల గియ్యి. అప్పటి చెయ్యి గాదు."

సుగ్రా తడి అట్టను గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరనిచ్చి, పాస్టెల్ పెట్టె తెచ్చింది. వచ్చినవాళ్ళకు గాజులు ఇచ్చే పని జలీల్ మీద పడింది. కొలతలు తెలియక అందరికీ పెద్దవి ఇచ్చి పంపుతున్నాడు. వాళ్ళు కూడా ఏమీ అనకుండా తీసుకుని, పోకుండా అక్కడే నిలబడి చూస్తున్నారు.

ఎడమ చేత్తో కొమురమ్మ చెయ్యి పట్టుకుని సుగ్రా కుడి చేత్తో గీయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యిని ఒక్క గాజూ లేకుండా దగ్గరగా చూడటం ఇదే మొదలు. గాజులున్న చోట తెల్లటి చార ఉంటుందనుకుంది. లేదు. ఎండకు మణికట్టంతా ఒకే రంగు అయిపోయింది. నరాలు పైకి తేలాయి. చర్మం వదులైంది. తను కలల్లో చూసిన చెయ్యి ఇది కాదు. ఇంత ముసలిదని, ఇంత అందంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఇటుకరంగు పక్కన పెట్టి మట్టిరంగు తీసుకుంది. ఆకుపచ్చ గాజుల మధ్యలోంచి ఆ ముసలి మణికట్టు మెల్లగా బయటికి రావడం మొదలైంది. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. సుగ్రాకు ఏ చప్పుడూ వినిపించడం లేదు. చెయ్యి బరువు మాత్రం తెలుస్తోంది. కాసేపటికి ఆ చెయ్యి, ఏ గాజూ ఎక్కించకుండానే, తన చేతిలో మెత్తగా ముడుచుకోవడం తెలిసింది.

"సుగ్రా," కొమురమ్మ వీధి వైపు చూస్తూ, ఇద్దరికే వినిపించేట్టు అంది. "మా ఆయన మంచోడే. తాగలె, కొట్టలె. కని నా చెయ్యి గిట్ల పట్టుకొని కూసున్నది ఎన్నడు లేదు. ఆయనకేం ఎరుక. నా చెయ్యి పట్టుకున్నది ఇన్నేండ్ల నువ్వొక్కదానివే. గాజులకు ఒస్తున్న అనుకుంటుంటి నేను."

సుగ్రా కళ్ళు మసకబడ్డాయి, కన్నీటి చుక్క పాస్టెల్ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది. మళ్ళీ తిరిగి చిటికెనవేలి వంకర దగ్గర ఆఖరి గీత గీసి, వేలితో రుద్దింది.

బొమ్మ అయిపోయింది. ఆ సంగతి సుగ్రా ఆమెకు చెప్పలేదు.